మూసీ వరదకు మూలం వెదికిన విశ్వేశ్వరయ్య

హైదరాబాదు నగరాన్ని మూసీ నది ముంచెత్తి వేలాది మందిని పొట్టన పెట్టుకున్నది 1908 సెప్టెంబరు 28న. ఆ వరద సంగతి ఈ ప్రాంతంలో తాతలు మనవలకు చెప్పగా, ఆ మనవలు తాతలై మళ్ళీ చెప్పుకున్నదే. అయితే అన్ని నీళ్ళు ఎక్కడినుంచి వచ్చాయి, అంత వేగంగా ఎందుకు వచ్చాయి, మళ్ళీ వస్తే ఏం చేయాలి అనే మూడు ప్రశ్నలకు లెక్కలతో సమాధానం చెప్పిన వారు సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య. ఆ సమాధానం ఆయనకు నగరంలో దొరకలేదు. ఎగువన వికారాబాదు, చేవెళ్ళ, శంషాబాదు వైపు పల్లెల్లోని చెరువు కట్టల దగ్గర దొరికింది. అందుకే ఆ మహా ఇంజనీరు జీవితంలో రంగారెడ్డి, వికారాబాదు జిల్లాల పల్లెలకు కూడా ఒక పాత్ర ఉన్నది.

తెలుగు మూలాలు

విశ్వేశ్వరయ్య పూర్వులది తెలుగు ప్రాంతం. గిద్దలూరు వైపున ఉన్న మోక్షగుండం గ్రామం నుంచి వారి కుటుంబం మైసూరు సంస్థానానికి తరలిపోయింది. ఆ ఊరి పేరే వారి ఇంటిపేరు అయింది. బెంగుళూరుకు ఉత్తరాన చిక్కబళ్ళాపురం సమీపంలోని ముద్దేనహళ్ళిలో సెప్టెంబరు 15న ఆయన జన్మించారు. తండ్రి శ్రీనివాసశాస్త్రి సంస్కృత పండితులు. తల్లి వెంకటలక్ష్మమ్మ. ఇంట్లో శాస్త్రాలు ఉన్నాయి కాని సంపద లేదు.

చిన్నతనంలోనే తండ్రి కాలం చేశారు. చిక్కబళ్ళాపురంలో ప్రాథమిక విద్య ముగించుకుని, మేనమామ అండతో బెంగుళూరు చేరారు. పిల్లలకు ప్రైవేటు చెప్పి ఆ వచ్చిన డబ్బుతో చదువు సాగించారు. 1881లో సెంట్రల్ కాలేజీ నుంచి బి.ఏ. పట్టా పుచ్చుకున్నారు. మైసూరు ప్రభుత్వం ఇచ్చిన ఉపకార వేతనంతో పూనా వెళ్ళి ఇంజనీరింగు చదివారు. 1883 పరీక్షలో ప్రథమ స్థానం సంపాదించారు. మరుసటి ఏడాదే బొంబాయి ప్రెసిడెన్సీ పబ్లిక్ వర్క్స్ శాఖలో అసిస్టెంటు ఇంజనీరు ఉద్యోగం వచ్చింది. మొదట నాసిక్ ప్రాంతంలో పనిచేశారు.

ఆ ఉద్యోగంలో ఆయన జీవితమంతా నీళ్ళ చుట్టూనే తిరిగింది. సింధు రాష్ట్రంలోని సక్కర్ పట్టణానికి మంచినీటి పథకం పూర్తి చేశారు. అక్కడ నది నీరు ఎప్పుడూ బురదగా ఉండేది. ఇసుకలో బావి తవ్వించి, ఇసుకే నీటిని వడకట్టేట్టు ఏర్పాటు చేశారు. పూనా దగ్గర కాలువల కింద నీరు కొందరికే అందకుండా, వంతుల వారీగా ఎక్కువ మంది రైతులకు చేరే పద్ధతి ప్రవేశపెట్టారు.

తమంతట తామే తెరుచుకునే తలుపులు

ఇంజనీరుగా ఆయన పేరు మారుమోగింది 1903లో. పూనా నగరానికి నీరిచ్చే ఖడక్‌వాస్లా జలాశయానికి ఏటా ఒకటే సమస్య ఉండేది. వానాకాలంలో నీరు అలుగు దాటి వృథాగా పోయేది. ఎండాకాలం వచ్చేసరికి చాలేది కాదు. అలుగు ఎత్తు పెంచితే నీరు నిలుస్తుంది, కాని పెద్ద వరద వచ్చిన రోజున ఆ నీరు పోవడానికి దారి చాలక కట్టకే ముప్పు వస్తుంది.

విశ్వేశ్వరయ్య అలుగు మీద ఒక కొత్త రకం తలుపులు అమర్చారు. నీరు మామూలు మట్టంలో ఉన్నంతసేపు అవి మూసుకునే ఉంటాయి. మట్టం హద్దు దాటగానే నీటి బలంతోనే తెరుచుకుంటాయి. వరద తగ్గగానే తిరిగి మూసుకుంటాయి. అర్ధరాత్రి వాన వచ్చినా మనిషి పరుగెత్తుకు వెళ్ళి తలుపు ఎత్తనక్కరలేదు.

చెరువు కింద సేద్యం చేసే ప్రతి రైతుకూ ఈ చిక్కు తెలిసిందే. మత్తడి మీద నాలుగు రాళ్ళు పేర్చి, ఇసుక బస్తాలు వేసి, ఇంకో జానెడు నీరు ఆపుకోవాలని ప్రతి ఊరికీ ఉంటుంది. మంచి కాలంలో అది లాభం. కుండపోత కురిసిన రాత్రి అదే గండి. నీటిని నిలపడం ఎంత ముఖ్యమో, నిలవని నీటికి దారి విడిచిపెట్టడం అంత ముఖ్యమన్నది విశ్వేశ్వరయ్య పనిలో మొదటినుంచి కనిపించే సూత్రం.

ఇంత పేరు వచ్చినా, ఆ రోజుల్లో చీఫ్ ఇంజనీరు పదవి ఇంగ్లీషు వారికే దక్కేది. ఇక పైకి ఎదిగే అవకాశం లేదని గ్రహించి 1908లో ఆయన ఉద్యోగం వదులుకున్నారు. యూరపు, అమెరికా దేశాల్లోని నిర్మాణాలను చూడటానికి సొంత ఖర్చుతో బయలుదేరారు. ఆయన విదేశాల్లో ఉండగానే మూసీకి వరద వచ్చింది.

ఆ మూడు రోజులు

1908 సెప్టెంబరు చివరి వారం. హస్త కార్తె ప్రవేశించే రోజులు. పల్లెల్లో బతుకమ్మ ఆటలు మొదలయ్యాయి. నగరంలో రంజాన్ నెల ఆరంభమయింది. అప్పటికే ఆ ఏటి వానలకు చెరువులు, కుంటలు నిండి ఉన్నాయి. 26వ తేదీన మొదలైన వాన 27న ఉధృతమయింది. శంషాబాదులో 24 గంటల్లో 12.8 అంగుళాలు, 48 గంటల్లో 18.9 అంగుళాల వర్షం నమోదయింది. ఇప్పటి కొలతలో చెప్పాలంటే రెండు రోజుల్లో 48 సెంటీమీటర్లు. ఏడాది పొడుగునా కురవవలసిన దానిలో సగానికి పైగా రెండు రోజుల్లో దిగిపోయిందన్నమాట.

28 తెల్లవారేసరికి మూసీ ఒడ్లు దాటింది. నది రెండు వైపులా ఉన్న పేటలు మునిగిపోయాయి. అఫ్జల్‌గంజ్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు వరద తాకిడికి దెబ్బతిన్నాయి. 1578లో కుతుబ్‌షాహీల కాలంలో కట్టిన పురానాపూల్ మాత్రం నిలబడింది. సుమారు 19 వేల ఇళ్ళు కూలిపోయాయి. 80 వేల మంది నిలువ నీడ లేనివారయ్యారు. నది ఒడ్డున ఆసుపత్రి ఆవరణలోని ఒక చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది వరకు ప్రాణాలు దక్కించుకున్నారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఆ చెట్టును నగరవాసులు ఎంతోకాలం గౌరవంగా చూపించుకున్నారు.

ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ బాధితుల కోసం మహలు తలుపులు తెరిపించారు. గంజి కేంద్రాలు వెలిశాయి. ఊరటతో పని తీరదని, ఇటువంటి ఉపద్రవం మళ్ళీ రాకుండా మార్గం కావాలని నిజాం ప్రభుత్వం గుర్తించింది. విదేశాల్లో ఉన్న విశ్వేశ్వరయ్యకు కబురు వెళ్ళింది. ఆయన తన పర్యటన ముగించుకుని 1909 ఏప్రిల్‌లో హైదరాబాదు చేరుకున్నారు.

నదిని వదిలి చెరువుల వైపు

నగరం వరదలో మునిగింది గనుక నగరంలోనే నదికి ఇరువైపులా గోడలు ఎత్తు చేస్తే సరిపోతుందని ఎవరికైనా తోచే మాట. విశ్వేశ్వరయ్య అక్కడ ఆగలేదు. ఎంత ఎత్తు గోడ కట్టాలో తెలియాలంటే ఎంత నీరు వస్తుందో తెలియాలి. ఎంత నీరు వస్తుందో తెలియాలంటే ఎగువన ఎంత వాన పడుతుందో, ఆ వాన ఏ దారిన ఎంత సేపట్లో వస్తుందో తెలియాలి. కనుక ఆయన విచారణ నగరం నుంచి ఎగువకు నడిచింది.

మూసీ అనంతగిరి కొండల్లో పుడుతుంది. దాని ఉపనది ఈసీ. ఈ రెండూ నగరానికి పైన, ఇప్పటి బాపూఘాట్ దగ్గర కలుస్తాయి. నగరానికి ఎగువన ఈ రెండు నదులకు నీరు చేర్చే ప్రాంతం 862 చదరపు మైళ్ళు. సర్వేలో తేలిన మరో లెక్క అందరినీ ఆశ్చర్యపరిచింది. ఆ 862 చదరపు మైళ్ళలో 788 చెరువులు ఉన్నాయి. అంటే దాదాపు ప్రతి చదరపు మైలుకు ఒక చెరువు. కాకతీయుల కాలం నుంచి ఒకరి తరువాత ఒకరు తవ్వించుకుంటూ వచ్చిన తెలంగాణ చెరువుల సంపద ఇది. ఒక చెరువు మత్తడి దూకితే ఆ నీరు కింది చెరువులోకి పోతుంది. అది నిండితే దాని కిందికి పోతుంది. గొలుసుకట్టు చెరువులని వీటికి పేరు.

ఆ 788 చెరువుల్లో 221 చెరువులు వరద రోజుల్లో తెగిపోయాయని తేలింది. అందులో 182 ఈసీ వైపువి. మిగిలినవి మూసీ వైపువి. అతి భారీ వర్షం నమోదైన శంషాబాదు ఉన్నది కూడా ఈసీ వైపే. వాన పడిన చోటికీ కట్టలు తెగిన చోటికీ లెక్క సరిపోయింది.

జరిగింది ఇదీ. అప్పటికే నిండిన చెరువు మీద వాన విరుచుకుపడింది. మత్తడి వదలగలిగిన దానికంటే ఎక్కువ నీరు చేరింది. కట్ట మీదుగా నీరు పొర్లింది. మట్టి కట్ట మీద నీరు పొర్లితే గండి పడటానికి ఎక్కువ సేపు పట్టదు. ఆ చెరువు నీరంతా ఒక్కసారిగా కింది చెరువు మీద పడింది. ఆ కట్టా తెగింది. రెండు చెరువుల నీరు మూడవ దాని మీదికి దూకింది. వాన నీటికి చెరువుల నీరు తోడయి నగరం చేరేసరికి సెకనుకు 4 లక్షల 25 వేల ఘనపుటడుగుల ప్రవాహమయింది.

వాన ఒక్కటే అయితే నది మెల్లగా పెరిగేది. జనం పారిపోవడానికి కొంత వ్యవధి ఉండేది. తెగిన కట్టలు ఆ వ్యవధిని మింగేశాయి. ఈ విషయాన్ని చెరువు చెరువుకూ లెక్కగట్టి బయటపెట్టడమే విశ్వేశ్వరయ్య చేసిన మొదటి మేలు.

అంగుళం వాన అంటే ఎంత?

వాన లెక్క వినడానికి చిన్నదిగా ఉంటుంది. ఎకరం నేల మీద ఒక అంగుళం వాన పడితే చేరే నీరు 3,630 ఘనపుటడుగులు. లీటర్లలో చెబితే లక్షకు పైనే. శంషాబాదులో ఒక్క రోజున కురిసింది 12.8 అంగుళాలు. ఆ లెక్కన 640 ఎకరాలుండే ఒక చదరపు మైలు మీద పడిన నీరు దాదాపు 3 కోట్ల ఘనపుటడుగులు. నేల పొడిగా ఉంటే అందులో కొంత ఇంకుతుంది. అప్పటికే తడిసి ముద్దయిన నేల మీద ఇంకేది కొంచెమే. మిగిలినదంతా ఒర్రెలు, వాగులు పట్టి పరుగెత్తవలసిందే.

అందుకే విశ్వేశ్వరయ్య వర్షమాపకాల లెక్కలకు అంత విలువ ఇచ్చారు. ఆ రోజుల్లో వర్షమాపకం అంటే కచేరి ఆవరణలో ఉంచే ఒక రేకు డబ్బా, పైన గరాటు, లోపల సీసా. రోజుకొకసారి సీసాలో నీటిని కొలగాజులో పోసి అంగుళాల లెక్క రాసుకునేవారు. కొలవడానికి అయిదు నిమిషాల పని. ఆ రోజు కచేరి గుమాస్తా రాసిన అంకె ఎవరికీ పెద్దగా కనిపించి ఉండదు. వరద తరువాత కారణం వెదికేటప్పుడు ఆ అంకెలే సాక్ష్యం పలికాయి.

అప్పటికి భారత వాతావరణ శాఖ ఏర్పడి ముప్పయి మూడేళ్ళయింది. 1875లో అది మొదలయింది. తుపాను జాడ తీరం దగ్గర పసికట్టి తంతి ద్వారా రేవులకు హెచ్చరిక పంపేవారు. కాని ఫలానా రాత్రి ఫలానా తాలూకాలో కుండపోత కురుస్తుందని ముందుగా చెప్పగల సాధనం ప్రపంచంలో ఎవరి దగ్గరా లేదు. మబ్బు లోపల చూడగల రాడారు రావడానికి ఇంకా మూడు దశాబ్దాలకు పైగా పట్టింది.

రేపు రాత్రి వాన పడుతుందా అనే ప్రశ్నకు విశ్వేశ్వరయ్య దగ్గరా జవాబు లేదు. ఆయన వేసుకున్న ప్రశ్న వేరు. ఒకసారి ఇక్కడ పడిన వాన మళ్ళీ పడగలదా? పడగలదు. అయితే అది వచ్చిన రోజున నీరు ఎటు పోవాలి? వాన తేదీ చెప్పలేకపోయినా, నీటి దారి ముందుగా చెప్పవచ్చునని ఆయన చూపించారు.

రెండు సాగరాలు

ఆయన నివేదిక కొద్ది నెలల్లోనే, 1909లోనే ప్రభుత్వానికి అందింది. నగరంలో గోడలు పెంచడం ఒక్కటే చాలదని అందులో తేల్చారు. నగరానికి ఎగువన మూసీ మీద ఎనిమిదిన్నర మైళ్ళ దూరంలో ఒకటి, ఈసీ మీద ఆరున్నర మైళ్ళ దూరంలో ఒకటి, రెండు పెద్ద జలాశయాలు కట్టాలని సూచించారు. వరద వచ్చినప్పుడు నీటిని అక్కడే పట్టి నిలిపి, నగరంలో నది ఒడ్లు దాటకుండా మోయగలిగినంతే కిందికి వదలాలి. వరద లేని కాలంలో ఆ నీరే జనం దాహం తీర్చాలి. నది ఒడ్లు ఎత్తు చేసి గట్టు మీద తోటలు వేయాలని, నగరానికి భూగర్భ మురుగు కాలువలు కావాలని కూడా రాశారు.

1911లో మహబూబ్ అలీఖాన్ మరణించారు. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఈ పథకాన్ని అమలు చేయించారు. 1912లో నగరాభివృద్ధి సంస్థ ఏర్పడింది. గండిపేట దగ్గర మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో పూర్తయింది. ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయింది. తరువాత కాలంలోనూ విశ్వేశ్వరయ్య హైదరాబాదు వచ్చి మురుగునీటి పథకాలపై సలహాలిచ్చారు.

ఈ కథలో మరో వైపు కూడా చూడాలి. జలాశయం అంటే నీరు నిలిచే నేల కావాలి. ఆ నేల పల్లెలది. నగరానికి రక్షణ దొరికింది, మంచినీరు దొరికింది. అందుకోసం ఎగువ రైతులు పొలాలు వదులుకున్నారు. గండిపేట నీళ్ళు తాగిన నగరం ఈ త్యాగాన్ని మరిచిపోకూడదు.

దివాన్‌గిరి, నూరేళ్ళ జీవితం

హైదరాబాదు పని ముగిస్తూనే 1909 నవంబరులో విశ్వేశ్వరయ్య మైసూరు సంస్థానంలో చీఫ్ ఇంజనీరు అయ్యారు. కావేరి మీద కృష్ణరాజసాగర్ ఆనకట్ట నిర్మాణం 1911లో మొదలయింది. ఖడక్‌వాస్లాలో వాడిన తలుపుల పద్ధతిని అక్కడా అమర్చారు. 1912 నుంచి 1918 వరకు మైసూరు దివాన్‌గా పనిచేశారు. మైసూరు బ్యాంకు, మైసూరు విశ్వవిద్యాలయం, భద్రావతి ఇనుప కర్మాగారం ఆయన కృషి ఫలితాలే. 1915లో బ్రిటిష్ ప్రభుత్వం సర్ బిరుదు ఇచ్చింది.

పదవి వదిలిన తరువాత కూడా వరదల సమస్య ఆయనను వదలలేదు. మహానది వరదలతో ఒడిశా అల్లాడుతున్న కాలంలో, 1937 ప్రాంతంలో, గాంధీజీ కోరిక మీద ఆ ప్రాంతానికి వెళ్ళారు. అక్కడా ఆయన తొందరపడి తీర్పు చెప్పలేదు. ముందు మహానది పరీవాహక ప్రాంతాన్ని వివరంగా పరిశోధించాలని, ఎగువన జలాశయాల అవకాశం చూడాలని సలహా ఇచ్చారు. ఆ నది మీద హీరాకుడ్ ఆనకట్ట 1957లో జాతికి అంకితమయింది.

తొంభై ఏళ్ళు దాటాక కూడా గంగానది మీద వంతెన స్థలం నిర్ణయించే పనికి పెద్దగా వ్యవహరించారు. 1955లో భారతరత్న పురస్కారం ఆయనను వరించింది. నూరేళ్ళు నిండిన తరువాత 1962 ఏప్రిల్‌లో బెంగుళూరులో కన్నుమూశారు. పుట్టిన ఊరు ముద్దేనహళ్ళిలోనే ఆయన సమాధి ఉన్నది. ఆయన పుట్టినరోజు సెప్టెంబరు 15ను దేశమంతటా ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకుంటున్నారు.

మబ్బును చూసే యంత్రాలు వచ్చినా

విశ్వేశ్వరయ్య కాలానికి ఇప్పటికీ వాతావరణ శాస్త్రం ఎంతో ముందుకు వచ్చింది. ఆకాశం నుంచి ఉపగ్రహాలు మేఘాలను చూస్తున్నాయి. రాడార్లు మబ్బులోని చినుకులను పసికడుతున్నాయి. వాతావరణ శాఖ మరో మూడు గంటల్లో ఏ జిల్లాలో పిడుగుల వాన రావచ్చునో చెబుతున్నది. ఒక రోజులో ఆరున్నర సెంటీమీటర్లు దాటితే భారీ వర్షమని, పదకొండున్నర దాటితే అతి భారీ అని, ఇరవై సెంటీమీటర్లు మించితే అత్యంత భారీ అని లెక్క. పసుపు, నారింజ, ఎరుపు రంగులతో హెచ్చరికలు వస్తున్నాయి. ఆకస్మిక వరదల ముప్పును అంచనా వేసే ఏర్పాటును దక్షిణాసియా దేశాల కోసం 2020 అక్టోబరులో భారత వాతావరణ శాఖ ప్రారంభించింది. ఎంత వాన పడుతుందన్న అంచనాతో పాటు నేల ఎంత తడిసి ఉన్నదన్న లెక్కను కూడా అది చూస్తుంది. విశ్వేశ్వరయ్య విచారణ నడిచిన తోవ కూడా అదే.

అయినా ఒక చిక్కు మిగిలే ఉన్నది. ఉరుములు మెరుపులతో వచ్చే క్యుములోనింబస్ మేఘం కొద్ది మైళ్ళ వెడల్పే ఉంటుంది. గంట, రెండు గంటల్లో పుట్టి, పెరిగి, కురిసి పోతుంది. ఎద్దు కొమ్ము ఒకటి తడిసి ఒకటి తడవనట్టు ఒక ఊరిని ముంచి పక్క ఊరిని వదిలేస్తుంది. జిల్లాకు హెచ్చరిక చెప్పవచ్చు. ఏ ఊరి చెరువు మీద పడుతుందో ఒక రోజు ముందు ఖాయంగా చెప్పడం ఇప్పటికీ సాధ్యం కాదు.

2020 అక్టోబరు 13 రాత్రి ఇదే రుజువయింది. బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండం తీరం దాటి తెలంగాణ మీదుగా సాగింది. భారీ వర్షాల హెచ్చరికలు ముందే వచ్చాయి. హైదరాబాదు శివార్లలో కొన్ని చోట్ల ఒక్క రోజులో 30 సెంటీమీటర్లకు మించి కురిసింది. హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తారు. ఆ సాగరాలు తమ పని తాము చేశాయి. కాని ఆ వారంలో శివారు చెరువుల కట్టలకు గండ్లు పడి కింద ఉన్న బస్తీలు మునిగాయి. నూట పన్నెండేళ్ళ తరువాత కూడా నీరు వెదుక్కున్న దారి పాతదే.

వానకాలం ముందర చెరువు కట్ట మీద నడిచి చూసుకోవడం పాతకాలం నీరడి పని. కట్ట ఎక్కడ కుంగింది, ఎలుక బొరియలు, చెట్ల వేళ్ళు ఎక్కడ ఉన్నాయి, తూము దగ్గర నీరు కారుతున్నదా, మత్తడికి అడ్డంగా ముళ్ళకంపలు పెరిగాయా, మత్తడి దూకిన నీరు పోయే వాగును ఎవరైనా పూడ్చి మడి చేశారా అని ఆయన చూసేవాడు. వాన రాత్రి పై ఊరి చెరువు మత్తడి పోస్తున్నదా అని కబురు తెలుసుకునేవాడు. పై చెరువు కబురే కింది ఊరికి వరద హెచ్చరిక. ఇప్పుడు ఆ కబురు చేరవేయడానికి మనిషి పరుగెత్తనక్కరలేదు, చేతిలో ఫోను ఉన్నది. కబురు చెప్పవలసిన మనిషి ఎవరన్నది మాత్రం వానకు ముందే ఊరు నిర్ణయించుకోవాలి.

1908లో తెగిన 221 కట్టల్లో ప్రతి ఒక్కటీ ఏదో ఒక ఊరిదే. ఆ ఊళ్ళలో ఎవరికీ తమ చెరువు గండి హైదరాబాదులో ఒక ఇంటిని కూలుస్తుందని తెలిసి ఉండదు. తెలిసే మార్గం అప్పట్లో లేదు. విశ్వేశ్వరయ్య లెక్క కట్టి చూపించాక ఆ మాట అనడానికి వీలు లేకుండా పోయింది.

గండిపేట కట్ట మీద నిలబడి చూసేవారికి ఎదురుగా నిండు నీరు కనిపిస్తుంది. ఆ నీటి వెనుక మూసీ, దాని వెనుక వాగులు, వాగుల వెనుక గొలుసుకట్టు చెరువులు, వాటి పైన అనంతగిరి కొండల మీద మబ్బు ఉన్నాయి. విశ్వేశ్వరయ్య ఈ గొలుసు మొత్తాన్ని ఒకటిగా చూశారు. ఆయన కట్టమని చెప్పిన సాగరాలు నూరేళ్ళుగా నగరాన్ని కాస్తున్నాయి. వాటి పైనున్న చెరువు కట్టలను కాచుకోవలసిన వారు ఆ ఊళ్ళ వారే.